తువాలు కింద

రాయగడ పాత మండీలో
ధర పైకి చెప్పరు.
తువాలు కింద చెయ్యీ చెయ్యీ కలిపి
వేలు పట్టుకుంటే పది,
కణుపు నొక్కితే అర,
అరచేతిలో గోటితో గీరితే
వినపడలేదు, మళ్ళీ చెప్పు అని.

పొట్నూరు సూరిశెట్టికి కువి రాదు,
వచ్చినట్టు నటిస్తాడు.
మునిగుడ అవతలి కొండ దిగి
తెల్లారుజాము పాసింజరులో వచ్చే వడకా ద్రింబిలికి
తెలుగు వచ్చు,
రానట్టు నటిస్తుంది.
ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇద్దరి మధ్య
ఒక్క చింతపండు బుట్టైనా
భాష లేక ఆగిపోలేదు.

నేను చీటీలు రాసేవాణ్ణి.
చేతులు విడిపోయాక బయటికొచ్చే అంకె నాది.
లోపలేం జరిగిందో నాకూ తెలీదు.

మాఘం వెళ్తే వీధంతా పులుపు.
పరిచిన పండు మీంచి నడిచొచ్చిన కుక్క
మధ్యాహ్నమంతా పాదాలు నాక్కుంటూ కూచుంటుంది.

కొత్తెమ్మది దుకాణం కాదు.
తొమ్మిదో నంబరుకీ పదో నంబరుకీ మధ్య
మనిషి పక్కకి తిరిగితే పట్టే సందు.
కొక్కెం దిగిన బస్తాలోంచి రాలిన కందులు,
నాపరాళ్ళ నెర్రెల్లో ఇరుక్కున్న వలిసెలు
ఊడ్చి, చెరిగి, మట్టిగడ్డలేరి
మంచిరోజైతే పొద్దుగూకేసరికి అడ్డెడు.
"రాళ్ళు సాపుగుంతే నాకు కూడేదీ బాబూ?"
అని నవ్వేది.

అమీను వచ్చాడు, టేపు పట్టుకుని.
తలుపు తలుపుకీ ఎర్రరంగుతో
గుండ్రటి ఒడియా అంకెలు.
సందుకి అంకె వెయ్యలేదు.
నీ దుకాణం ఏదంటే
కొత్తెమ్మ చీపురు చూపించింది.
టేపు సర్రున దాని డబ్బాలోకి దూరిపోయింది.

తరవాత గోడకి బొమ్మ అంటించారు.
నాలుగంతస్తులు, అద్దాలు, కింద కార్లు,
ఈ వీధిలో ఏనాడూ లేని ఓ చెట్టు.
బొమ్మలో జనం చాలామందే ఉన్నారు.
ఒక్కరి నెత్తి మీదా బుట్ట లేదు.
మండీ గుణుపురం రోడ్డులో, రేకుల షెడ్లలోకట,
కరెంటు కాటా, బోర్డు మీద ధర,
అందరికీ కనపడేలా.

అబద్ధం ఎందుకు,
ఆ బోర్డు మాట విన్నప్పుడు
నా చెవులు కొంచెం వేడెక్కాయి.
వానాకాలం ఇక్కడ మోకాలిలోతు నీళ్ళు.
ఆడవాళ్ళకో మరుగు లేదు,
పాసింజరు మళ్ళీ కదిలేదాకా
ద్రింబిలి బిగబట్టుకు కూచోడం నేను చూశాను.
ఆ తువాలు కింద ఆమె వేళ్ళు
ఎన్నిసార్లు తక్కువకి మడతపడ్డాయో
ఏ చీటీలోనూ రాయలేదు.
నా జీతం ఆ మడతల్లోంచే వచ్చింది.

నిన్న కంపెనీ మనిషి
సూరిశెట్టి కొట్టుకి వెలకట్టడానికొచ్చాడు.
కాగితం బల్ల మీద బాహాటంగా పెట్టాడు.
సూరిశెట్టి కాగితం చూడలేదు.
అలవాటు కొద్దీ భుజం మీది తువాలు తీసి,
పరిచి, కిందనుంచి చెయ్యి చాపాడు.

ఆ అబ్బాయి కరచాలనమనుకున్నాడు.
ఒకసారి ఊపి,
నవ్వి, వదిలేశాడు.
సంతకానికి బుధవారం దాకా గడువన్నాడు.

బండి చప్పుడు మలుపు తిరిగిపోయినా
శెట్టి చెయ్యి తువాలు కిందే ఉండిపోయింది.
గుమ్మంలో కూచున్న ద్రింబిలి
బుట్ట పక్కకి జరిపి లేచింది.
వచ్చి, తన చెయ్యి లోపలికి పోనిచ్చింది.

ఎంతసేపో.

తువాలు కదలడం చూశానంతే.
ఆమె రైలు వేళయిందని వెళ్ళిపోయాక
శెట్టి అరచెయ్యి తిరగేసి
దీపం కింద చూసుకుంటున్నాడు.
చీటీ మీద బరువు రాశాను, పదకొండున్నర.
ధరెంత శెట్టిగారూ అనడిగాను.

వినపడలేదనుకుంటా.